అంగీకార పత్రంలో లేని మూడో గడి: పాఠశాల యాజమాన్యానికి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల యాజమాన్యానికి, ప్రిన్సిపాల్ గారికి, ఫౌండేషన్ విభాగం డీన్ గారికి నమస్కారాలు.

మా అబ్బాయి మీ బడిలో, ఐఐటీ, ఒలింపియాడ్ పేర్లతో మీరు నడిపే ఏడో తరగతి స్పెషల్ సెక్షన్‌లో చదువుతున్నాడు. దసరా సెలవుల తర్వాత సెక్షన్ల షఫ్లింగ్ (ర్యాంకులను బట్టి పిల్లల్ని సెక్షన్లు మార్చడం) ఉంటుందని, స్పెషల్ సెక్షన్‌లో కొనసాగదలచినవారు రెండో టర్ము ఫీజుతో పాటు అంగీకార పత్రం మీద సంతకం చేసి పంపాలని మీరు పెట్టిన సందేశం అందింది. ఆ పత్రం వారం రోజులుగా మా ఇంట్లో టీవీ స్టాండు మీద, కరెంటు బిల్లు కింద, సంతకం లేకుండానే ఉంది. సంతకం చేయడమా మానడమా అన్నది మా ఇంటి విషయం కదా, దానికి బహిరంగ లేఖ ఎందుకని మీరు అనుకోవచ్చు. నిర్ణయం మాదే. కానీ ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసిన వివరాలు మీ దగ్గరున్నాయి, ఆఫీసు గదిలో రెండుసార్లు అడిగినా అవి మాకు దొరకలేదు. బస్సు స్టాపు దగ్గర నలుగురితో మాట్లాడితే ఇదే పత్రం చాలా ఇళ్లలో ఇలాగే పడి ఉందని తెలిసింది. బడి పేరు నేను రాయడం లేదు. నెల్లూరులోనే కాదు, కావలిలో ఉన్న మా బావమరిది, ఒంగోలులో ఉన్న మా చెల్లెలు కూడా తమ పిల్లల బడుల గురించి ఇంచుమించు ఇదే కథ చెబుతారు కనుక, మీ ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ముందుగా మీ వల్ల జరిగిన మేలు చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే మాకు ఈ సందేహమే ఉండేది కాదు, ఎప్పుడో బయటికి తీసేవాళ్లం. ఐదో తరగతిలో మా వాడు జూన్‌లో కొన్న లెక్కల పుస్తకాన్ని వినాయక చవితి నాటికి పూర్తిచేసి, మిగిలిన ఏడాదంతా క్లాసులో పక్కవాడితో కబుర్లు చెబుతూ, డైరీ నిండా టీచరమ్మ చేత ఫిర్యాదులు రాయించుకుంటూ గడిపాడు. ఆరో తరగతిలో మీ స్పెషల్ సెక్షన్‌లో చేరిన మొదటి నెలలో లెక్కల సారు ఒక లెక్క ఇచ్చారు. రెండు రోజులు కుస్తీ పట్టినా వాడికి రాలేదు. ‘రాలేదు నాన్నా’ అని అంత సంతోషంగా చెప్పిన పిల్లవాణ్ని నేను అంతకు ముందు చూడలేదు. తనకు రాని లెక్క ఒకటి ఈ లోకంలో ఉందని తెలియడమే వాడికి పండగ అయింది. ఆ సారుకు ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను.

వాడికి లెక్కల మీద ఉన్నది మార్కుల మోజు కాదని నాకు తెలిసింది అంతకు ముందు వేసవిలో. అల్లూరులో మా అమ్మ వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే, వాడు ఆ గింజలతో గచ్చు మీద చదరాలు పేర్చడం మొదలుపెట్టాడు. ఒక గింజ పెట్టాడు. దాని పక్కన ఒకటి, కింద ఒకటి, మూలకు ఒకటి, మొత్తం మూడు చేర్చాడు, నాలుగు గింజల చదరం అయింది. దానికి అంచు కట్టడానికి ఐదు పట్టాయి, తొమ్మిది. తర్వాత ఏడు, పదహారు. దీపాలు పెట్టే వేళకి గచ్చు మీద నూట నలభై నాలుగు గింజలున్నాయి. ఒకటి నుంచి బేసి సంఖ్యలను వరసగా కలుపుకుంటూ పోతే ప్రతిసారీ చదరమే వస్తుందని వాడు ఎవరూ చెప్పకుండా కనిపెట్టుకున్నాడు. ఎందుకొస్తుందిరా అని అడిగితే, ‘చూడు, రెండు పక్కలా ఒక్కో వరస, మూలకి ఒకటి. రెండు వరసలూ సమానం కదా, ఆ మూల గింజ వల్ల ఎప్పుడూ బేసే వస్తుంది’ అన్నాడు. నేను డిగ్రీలో చదివిన లెక్క అది, కానీ ఇలా ఎప్పుడూ చూడలేదు. మా అమ్మ మాత్రం గింజలు కడిగి ఆరబెట్టాలి, ఆటలు చాలించమంది.

మొన్న ఆగస్టులో అదే పిల్లవాణ్ని అడిగాను, చదరాలకు అలా వచ్చింది కదా, ఘనాలను వరసగా కలిపితే ఏమొస్తుందో చూశావా అని. తల ఎత్తకుండానే చెప్పాడు: ‘దానికి షార్ట్‌కట్ ఉంది నాన్నా, ఫార్ములా షీట్‌లో ఉంటుంది.’ సూత్రం కూడా తప్పు లేకుండా చెప్పాడు. అది ఎందుకలా వస్తుందని అడిగితే, ‘ఎందుకని అడగరు’ అన్నాడు. విసుగుతో అన్న మాట కాదది, పాఠం చెబుతున్నట్టు, నాకు తెలియని నియమమేదో నాకు నేర్పుతున్నట్టు అన్నాడు. ఇందులో లెక్కల సారు తప్పు లేదని నా నమ్మకం. పై నుంచి వచ్చే మైక్రో షెడ్యూలులో ఫలానా తేదీకి ఫలానా అధ్యాయం అయిపోవాలని ఉన్నప్పుడు, ఆయన మాత్రం చింతగింజలు పేర్చుకుంటూ ఎక్కడ కూర్చుంటారు?

మీ కరపత్రంలో ఈ సెక్షన్‌కు ఒలింపియాడ్ పేరు కూడా ఉంది కాబట్టి ఒక చిన్న లెక్క మీ ముందు పెడతాను. శనివారం పరీక్షలో మా వాడికి 90 నిమిషాల్లో 60 ప్రశ్నలు, తప్పుకు నెగటివ్ మార్కు, అంటే ప్రశ్నకు ఒకటిన్నర నిమిషం. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో రోజుకు 3 లెక్కలు, నాలుగున్నర గంటల సమయం, అలా 2 రోజులు. అంటే లెక్కకు గంటన్నర. వాళ్లు గంటల్లో ఇచ్చిన వ్యవధిని మీరు నిమిషాల్లో ఇస్తున్నారు. పోనీ, ఒలింపియాడ్ పేరుకే, అసలు గురి ఐఐటీ మీద అంటారా? ఐఐటీ దారిలో తొలి పరీక్ష అయిన జేఈఈ మెయిన్‌లో 3 గంటలకు 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 నిమిషాల 24 సెకన్లు. పదిహేడేళ్ల పిల్లలకు ఇచ్చే సమయం కంటే మా పన్నెండేళ్ల వాడికి తక్కువ ఇవ్వడంలో ఉన్న విద్యా రహస్యమేమిటో నాకు అర్థం కాలేదు. ఈ పద్ధతిలో ఆలోచించేవాడు వెనకబడతాడు, గుర్తుపట్టేవాడు ముందుంటాడు. మా వాడు ఆలోచించే రకం. ఇన్నాళ్లూ దాన్ని తెలివి అన్నారు, ఇప్పుడు మీ ప్రోగ్రెస్ కార్డులో ‘స్పీడ్ పెంచుకోవాలి’ అని ఉంది.

ర్యాంకు షీటు సంగతికి వస్తే, అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి దాచకుండా చెబుతాను. ప్రతి సోమవారం ఉదయం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో 40 మంది పేర్లతో, చివరి ఐదు వరసలు ఎర్ర రంగుతో, షీటు వస్తుంది. పోయిన ఏడాది మా వాడికి నాలుగో ర్యాంకు వచ్చినప్పుడు ఆ షీటును మా బంధువుల గ్రూపులో పెట్టింది నేనే. ఈ ఏడాది ఇరవై ఎనిమిది వచ్చినప్పుడు ఎవరికీ పంపలేదు. ఆ తేడా నేను గమనించలేదు గానీ వాడు గమనించాడు. ‘ఈ వారం మామయ్యకి పంపలేదా?’ అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

నేను స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం వ్యాపారి దగ్గర లెక్కలు రాసే గుమస్తాను. వడపోత గురించి నాకు కొంత తెలుసు. మిల్లులో సార్టెక్స్ యంత్రం ఉంటుంది. గింజ కిందికి జారేటప్పుడు కెమెరా దాని రంగు చూస్తుంది, మచ్చ కనిపిస్తే గాలి ఊది పక్క తొట్టిలోకి తోసేస్తుంది. మంచి యంత్రం, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ మచ్చ గింజగా తేలినది మర్నాటికి మంచి గింజ కాదు, మంచి గింజ తనకు మచ్చ పడుతుందేమోనని రాత్రుళ్లు లేచి కూర్చోదు. పిల్లలు రెండూ చేస్తారు. ఆరో తరగతిలో వెనకబడినవాడు తొమ్మిదిలో పుంజుకుంటాడు. ముందున్నవాడు ఒక ఏడాది మెల్లగా నడుస్తాడు. మూడు నెలలకోసారి జల్లెడ పట్టే పద్ధతిలో ఈ రెంటికీ చోటు లేదు.

జూన్ షఫ్లింగ్‌లో మా వీధిలోనే ఉండే ఒక అబ్బాయి స్పెషల్ సెక్షన్ నుంచి మామూలు సెక్షన్‌కు వెళ్లాడు. మీ ఆఫీసు భాషలో అది ‘మార్పు’, పిల్లల భాషలో ‘దిగిపోయాడు’. స్పెషల్ సెక్షన్ పిల్లల ఐడీ కార్డు ట్యాగు మెరూను రంగు, మిగిలినవారిది నీలం. ఆ పిల్లవాడు పొద్దున్నే బస్సు ఎక్కేటప్పుడు కార్డును చొక్కా జేబులో తోసుకుని, గేటు దగ్గర వాచ్‌మన్ అడిగినప్పుడే బయటికి తీస్తాడని నా భార్య చూసి చెప్పింది. ఆ నీలం ట్యాగు ఖరీదు పది రూపాయలో ఇరవై రూపాయలో ఉంటుంది. మా వాడితో సాయంత్రాలు షటిల్ ఆడటానికి వచ్చేవాడు, జూన్ నుంచి రావడం లేదు. మీరు ఎవరినీ అవమానించాలని ఆ రంగులు పెట్టలేదని, ఎవరు ఏ బ్లాకుకు వెళ్లాలో తెలియడానికే పెట్టారని నాకు తెలుసు. పిల్లలకు ఆ కారణం చెప్పినవాళ్లు మాత్రం లేరు.

ఈ నేపథ్యంలోనే మా వాణ్ని కూర్చోబెట్టి అడిగాం. స్పెషల్ సెక్షన్‌లో ఉంటావా, మామూలు సెక్షన్‌కు వెళతావా, నీ ఇష్టం, ఏదైనా మాకు సమ్మతమే అన్నాం. ‘ఉంటాను’ అన్నాడు. అక్కడ చదువు బాగుందా అంటే మాట్లాడలేదు. లెక్కల సారు బాగా చెబుతారా అంటే, బాగా చెబుతారన్నాడు. మరి ఎందుకు ఉంటానంటున్నావని నా భార్య మెల్లగా అడిగితే, ‘దిగితే అందరికీ తెలుస్తుంది కదమ్మా’ అన్నాడు.

నేను ఈ లేఖ రాయడానికి కారణం ఆ ఒక్క మాట. పిల్లవాడి ఇష్టం తెలుసుకుని నిర్ణయించుకోమని అందరూ సలహా ఇస్తారు. కానీ బయటికి రావడానికి ఇంత వెల పెట్టిన చోట వాడి ఇష్టం ఏమిటో వాడికైనా ఎలా తెలుస్తుంది? వాడు చదువును ఇష్టపడి ఉంటున్నాడో, సిగ్గుకు భయపడి ఉంటున్నాడో మేము విడదీసి చూడలేకపోతున్నాం.

నా భార్య పరిస్థితి ఇంకా విచిత్రం. పోయిన ఏడాది రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, చదువు రొట్టె ఎవరు ఇస్తారని అడిగి మరీ, ఎవరో గుంటూరు నుంచి వచ్చిన తల్లి చేతి నుంచి తీసుకుని తిన్నది. కోరిక తీరితే మరుసటి ఏడాది తాను రొట్టె చేసి తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి, అది ఆచారం. ఈ జూలైలో రొట్టెలు చేసింది, చెరువుకు వెళ్లాం, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నా వంక తిరిగి, ‘ఇప్పుడు నేను ఇవ్వాలా, మళ్లీ తీసుకోవాలా?’ అని అడిగింది. పిల్లవాడు స్పెషల్ సెక్షన్‌లోనే ఉన్నాడు, కోరిక తీరినట్టే. ఆదివారం కూడా ఆరింటికి లేచి, నిద్రలో పళ్లు కొరుకుతూ, అన్నం సగం వదిలేసే పిల్లవాణ్ని చూస్తే తీరినట్టు లేదు. చివరికి ఒకటి ఇచ్చి, ఒకటి తీసుకుంది.

అవతలి పక్షం వాదన మా ఇంట్లోనే ఉంది కాబట్టి అదీ చెప్పాలి. ఇప్పుడు అలవాటు కాకపోతే ఇంటర్లో తట్టుకోలేడంటాడు మా బావమరిది. మామూలు సెక్షన్‌కు వెళితే మళ్లీ చవితికల్లా పుస్తకం అయిపోతుంది, మళ్లీ కబుర్లు, మళ్లీ డైరీలో ఫిర్యాదులు, తెలివి మొద్దుబారిపోతుందని నా భార్య భయం. రెండో భయంలో నిజముంది, నాకూ ఉంది. మొదటిదాన్ని నేను అంతగా నమ్మను. తట్టుకోవడానికి ముందస్తు అలవాటు అవసరమైతే పన్నెండేళ్ల వయసు నుంచే నిద్ర మానిపించడం సాధన అవుతుందా? మా అక్క కూతురు మర్రిపాడు మండలం కృష్ణాపురం నవోదయలో చదివింది. అదీ వడపోతే. ఐదో తరగతిలో 2 గంటల పరీక్ష, 80 ప్రశ్నలు, జిల్లాకు 80 సీట్లు. కానీ ఆ పరీక్ష ఒక్కసారే. సీటు వచ్చాక పన్నెండో తరగతి దాకా అది తన బడి అన్న ధైర్యంతో చదివింది. ఏ సోమవారమూ తన చోటు తాను మళ్లీ గెలుచుకోవలసిన అవసరం దానికి రాలేదు. ప్రతిభ గల పిల్లల్ని విడిగా చదివించడాన్ని నేను తప్పుపట్టడం లేదని ఈ ఉదాహరణ వల్ల మీకు అర్థమవుతుందనుకుంటాను.

చట్టం సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు. విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశ సమయంలో పిల్లల్ని పరీక్షించి వడపోయరాదంటుంది. చేరాక వడపోత గురించి ఆ సెక్షన్ మాట్లాడలేదని మీ ఏఓ (పరిపాలనాధికారి) గారు నాకు వివరించారు, ఆ మాట ఒప్పుకుంటాను. అదే చట్టం 29వ సెక్షన్ పిల్లలకు భయం, ఆందోళన లేని చదువు ఉండాలని కూడా అంటుంది, ఆ మాట ఆయన వివరించలేదు. కోచింగ్ కేంద్రాలు 16 ఏళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోరాదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మీది బడి గనుక అవి మీకు వర్తించవని మీరనవచ్చు. కానీ విశాఖపట్నంలో నీట్ కోసం చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పులోని మార్గదర్శకాలు కోచింగ్ కేంద్రాలకే పరిమితం కావు, విద్యాసంస్థలన్నిటికీ చెప్పినవి. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో చిన్నబుచ్చడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం సాధ్యమైనంత వరకు మానుకోవాలని, 100 మంది, అంతకు మించి పిల్లలున్న చోట అర్హత గల కౌన్సిలర్ ఒకరైనా ఉండాలని అందులో ఉంది. ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాటను ఆసరా చేసుకోకుండా, సోమవారం షీటులో ఎర్ర రంగు తీసేయడం మీకు సాధ్యమో కాదో మీరే చెప్పండి.

నేను కోరేవి పెద్ద మార్పులు కావు. ర్యాంకు షీటు గ్రూపులో కాక ఏ పిల్లవాడిది ఆ ఇంటికే పంపండి, దాంతో పాటు నెలకోసారైనా ఆ పిల్లవాడు ఏమి నేర్చుకున్నాడో, ఏ ప్రశ్న అడిగాడో లెక్కల సారు చేత నాలుగు వాక్యాలు రాయించండి. నాకు ఇరవై ఎనిమిది అన్న అంకె కంటే ఆ నాలుగు వాక్యాలు ఎక్కువ ఉపయోగపడతాయి. ట్యాగులన్నీ ఒకే రంగువి చేయండి. ఆరో తరగతిలో ఈ సెక్షన్‌లో చేరినవారిలో పదో తరగతి దాకా ఎంతమంది మిగిలారో, మధ్యలో వెళ్లినవారు ఎందుకు వెళ్లారో చెప్పండి. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు ఫ్లెక్సీల మీద చూస్తూనే ఉన్నాం, ఆ రెండో లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు. అన్నిటికంటే ముఖ్యంగా, మామూలు సెక్షన్‌లో ఉంటూనే లెక్కల వరకు పై స్థాయి క్లాసులో కూర్చునే వీలు కల్పించండి. వాడికి ఆకలి ఉన్నది లెక్కల్లో, దానికోసం జీవశాస్త్రం, సాంఘికం, తెలుగు కూడా పరుగెత్తిస్తూ చదివించడం దేనికి? 2020 జాతీయ విద్యా విధానం ప్రత్యేక ఆసక్తి ఉన్న పిల్లల కోసం బడుల్లో, జిల్లాల్లో అంశాల వారీగా క్లబ్బులు, బృందాలు పెట్టమని చెప్పింది. వారానికి రెండు సాయంత్రాలు గంటన్నర చొప్పున, ర్యాంకు లేని, ఓఎంఆర్ షీటు లేని లెక్కల క్లబ్బు ఒకటి పెడితే, ఇష్టమైన ఏ సెక్షన్ పిల్లలైనా వచ్చి కూర్చుంటారు. దానికి విడిగా ఫీజు పెట్టినా నేను కడతాను. సారు ఒప్పుకుంటే చింతగింజలు కూడా అల్లూరు నుంచి తెప్పించి ఇస్తాను.

తోటి తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ లేఖ చూసి మీ పిల్లల్ని తీసేయమని నేను చెప్పడం లేదు. అక్కడ సుఖంగా, ఉత్సాహంగా చదువుతున్న పిల్లలు ఉన్నారు, నేను చూశాను, వాళ్లను కదిలించాల్సిన పని లేదు. షీట్లు బంధువులకు పంపడం మాత్రం మనందరం ఆపగలం, దానికి యాజమాన్యం అనుమతి అక్కర్లేదు. నేను ఆపేశాను.

చివరిగా ఆ పత్రం విషయం. అందులో రెండే గడులున్నాయి: ‘స్పెషల్ సెక్షన్‌లో కొనసాగుతాము’, ‘విరమించుకుంటాము’. విరమించుకున్నవారికి మళ్లీ ప్రవేశం ఉండదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ‘ఒక టర్ము మామూలు సెక్షన్‌లో ఉండి, వచ్చే జూన్‌లో పిల్లవాడి ఇష్టాన్ని బట్టి తిరిగి వస్తాము’ అని మూడో గడి చేర్చి, ఆ చిన్న అక్షరాల వాక్యం తీసేసి పంపితే, మా వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అదే రోజు నింపి ఇస్తాను. వాడు అప్పుడు ఏ గడిలో టిక్ పెడతాడో నాకు నిజంగా తెలియదు. సెలవులు ఇవ్వకముందు ఒక సాయంత్రం లెక్కల సారుతో అరగంట మాట్లాడే అవకాశం కూడా ఇప్పించండి. నా పని ఏడింటికి అయిపోతుంది, ఆ తర్వాత ఎప్పుడు రమ్మన్నా వస్తాను.

ఇట్లు,
ఏడో తరగతి స్పెషల్ సెక్షన్ విద్యార్థి తండ్రి,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు.